రూ.14,159కి నాలుగు మాక్ ఇంటర్వ్యూలు: పైసా వసూలేనా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం నాలుగు మాక్ ఇంటర్వ్యూలు (ప్రాక్టీసు కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు), ఒక రెజ్యూమే రివ్యూ, ‘రిఫరల్ సపోర్ట్’ (కంపెనీలో పనిచేసేవాళ్ల చేత మన పేరు చెప్పించడం), ఒక వాట్సాప్ గ్రూపు. నేను కొన్న ప్యాకేజీ ఇదీ. వెబ్‌సైట్‌లో రూ.11,999 అని పెద్ద అక్షరాల్లో ఉంది. డబ్బు కట్టే పేజీకి వెళ్లాక 18 శాతం జీఎస్టీ కలిసి 14,159 అయింది. మా ఆయనకి మాత్రం 11,999 అనే చెప్పాను. ఇది చదివితే తెలిసిపోతుంది, తెలియనివ్వండి.

కంపెనీ పేరు రాయడం లేదు. యూట్యూబ్ తెరిస్తే ఇలాంటివి పది కనిపిస్తాయి, ప్యాకేజీలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పైగా నాకు ఒక మాక్ దరిద్రంగా జరిగింది, ఇంకొకటి అద్భుతంగా జరిగింది, రెండూ ఒకే కంపెనీ. మీకు ఎవరు తగులుతారో నేను చెప్పలేను. లోపల ఏముంటుందో, అందులో నాకు ఏది పనికొచ్చిందో చెప్పగలను.

ముందు నా సంగతి. మాది తెనాలి, ఉండేది నిజాంపేటలో. జావా బ్యాకెండ్, ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్, అంతా ఒకే సర్వీస్ కంపెనీలో. మధ్యలో పాప పుట్టినప్పుడు 26 వారాల మెటర్నిటీ లీవు. ఆ ఏడాది హైక్ ఎంత వచ్చిందో అడగకండి. మొన్నటి దాకా సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 11.4 లక్షలు, చేతికి వచ్చేది నెలకి 78 వేలు. ఇందులో తప్పేముంది, బాగానే ఉంది కదా అనుకుంటూ ఉండేదాన్ని. మా టీమ్‌లోకి బయటి నుంచి వచ్చిన ఒక అబ్బాయి, నాకన్నా మూడేళ్లు జూనియర్, ఒకరోజు "అక్కా, నేను ఇంటి నుంచి చేస్తున్నాను, హోమ్ లోన్‌కి పేస్లిప్ కావాలి, కాస్త ప్రింట్ తీసిపెట్టవా" అని మెయిల్ పంపాడు. ప్రింట్ తీసేటప్పుడు కళ్లు మూసుకోలేం కదా. గ్రాస్ లక్షా ముప్పై వేలు. వాడి కోడ్ రివ్యూ చేసి నల్ చెక్‌లు పెట్టించేది నేనే.

ఆ రాత్రే నౌకరీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేశాను. రెండు నెలల్లో ఐదు ఇంటర్వ్యూలు, ఐదూ పోయాయి. ప్రిపేర్ అవ్వలేదా అంటే, పాప పడుకున్నాక రోజూ రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కూర్చుని లీట్‌కోడ్ అనే కోడింగ్ ప్రాక్టీస్ సైట్‌లో 210 ప్రాబ్లమ్స్ చేశాను. యాంగ్‌షున్ టే తయారుచేసిన ‘బ్లైండ్ 75’ (ఇంటర్వ్యూలకి తప్పక చేయాల్సిన 75 ప్రాబ్లమ్స్) లిస్టు రెండుసార్లు తిరగేశాను. ఇంట్లో పరిష్కరించగలిగిన ప్రాబ్లమే ఇంటర్వ్యూలో అడుగుతారు, అక్కడ మాత్రం పోతుంది. రిజెక్ట్ చేసిన ఐదుగురిలో ఒక్కరు కూడా ఎందుకో చెప్పలేదు. ‘వి విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటారు, అంతే. ఆ ‘ఎందుకు’ తెలుసుకోవడానికే నేను ఈ 14 వేలు పెట్టాను.

మొదట రెజ్యూమే రివ్యూ. దీనికి సున్నా మార్కులు. నా రెండు పేజీల రెజ్యూమే పంపితే రెండు రోజుల్లో ఒక పేజీ చేసి పంపారు. ఫార్మాట్ బాగుంది, కాదనను. కానీ అందులో నేను జన్మలో ముట్టని కుబర్నెటిస్ (సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) మైగ్రేషన్ ఒకటి, ‘లెడ్ ఎ టీమ్ ఆఫ్ ఎయిట్’ అని ఒకటి వచ్చి చేరాయి. ఇదేమిటి అని అడిగితే "మేడమ్, ఏటీఎస్‌లో, అంటే రెజ్యూమేలు వడపోసే సాఫ్ట్‌వేర్‌లో, షార్ట్‌లిస్ట్ అవ్వాలంటే కీవర్డ్స్ ఉండాలి" అన్నారు.

నేను అమీర్‌పేటలో చదువుకున్నదాన్ని. 2017 నవంబరులో మెట్రో మొదలైంది, ఆ డిసెంబరులోనే మైత్రీవనం వెనక సందులో కోర్ జావా బ్యాచ్‌లో చేరాను. పొద్దున ఏడింటికి క్లాసు, ఒక గదిలో డెబ్భై మంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నవాళ్లని ఆ రోజుల్లోనే చూశాను. కొంతమందికి నడిచింది. ఇప్పుడు బీజీవీలో (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) పీఎఫ్ నంబరు యూఏఎన్ అడుగుతున్నారు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో తారీఖులతో సహా ఉంటుంది. ఉద్యోగాల సంగతి అలా పట్టేస్తారు. కుబర్నెటిస్ సంగతి అయితే బీజీవీ దాకా కూడా అక్కర్లేదు, ‘పాడ్ క్రాష్‌లూప్‌లో ఉంటే ముందు ఏం చూస్తావు’ అని ఒక్క ప్రశ్న చాలు. ఆ రెండు లైన్లు తీసేసి, ఫార్మాట్ మాత్రం ఉంచుకున్నాను.

ఇక మాక్ నంబర్ వన్, కోడింగ్. ఎదురుగా ఇరవై ఆరో ఇరవై ఏడో ఉండే కుర్రాడు. ప్రశ్న సులువైనదే: కొన్ని మీటింగులు మొదలయ్యే టైము, అయిపోయే టైము ఇస్తాం, కనీసం ఎన్ని గదులు కావాలో చెప్పాలి. నేను రెండుసార్లు చేసిన ప్రాబ్లమ్. చూడగానే ప్రయారిటీ క్యూ (ముందు ఖాళీ అయ్యేదాన్ని ముందు ఉంచే వరస) అని తెలిసిపోయింది, టైప్ చేయడం మొదలుపెట్టాను. 35 నిమిషాల్లో పూర్తిచేశాను, టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి. లోపల సంతోషం.

అతను "మేడమ్, నేను నిజమైన ఇంటర్వ్యూ చేస్తుంటే మిమ్మల్ని రిజెక్ట్ చేసేవాణ్ని" అన్నాడు. నాకు ఒక్క క్షణం చెవులు పనిచేయలేదు. "మొదటి పదకొండు నిమిషాలు మీరు ఒక్క మాట మాట్లాడలేదు. మీకు ఆన్సర్ తెలుసో, బట్టీ పట్టారో, పక్కన ఫోన్‌లో చూస్తున్నారో నాకెలా తెలుస్తుంది? ఒక మీటింగ్ పదింటికి అయిపోయి ఇంకోటి పదింటికే మొదలైతే అదే గది ఇవ్వొచ్చా అని మీరు అడగలేదు. సరిగ్గా ఊహించారు, కానీ అడగలేదు."

రికార్డింగ్ అదే రోజు సాయంత్రం వచ్చింది. ఈ ప్యాకేజీ మొత్తంలో నాకు అన్నింటికన్నా పనికొచ్చింది ఆ వీడియో ఫైలే. పదకొండు నిమిషాల పాటు ఒకావిడ పెదవి కొరుక్కుంటూ స్క్రీన్ కేసి చూస్తోంది. మధ్యలో ఒకసారి నిట్టూర్చింది. నేనే ఇంటర్వ్యూ చేస్తుంటే ఆవిడకి ఏమీ రాదనే అనుకుంటాను. ఐదు కంపెనీలు ఏం చూశాయో నాకు అప్పుడు తెలిసింది. ఇంకొకటి, 50 నిమిషాల్లో ‘యాక్చువల్లీ’ అన్నది లెక్కపెట్టాను, 43 సార్లు.

అయితే మౌనంగా ఆలోచించడం అలవాటైన మనిషి ఒక్కసారిగా నోరు తెరిచి ఎలా ఆలోచిస్తుంది? దానికి ప్యాకేజీలో ఏమీ లేదు. ‘థింక్ అలౌడ్’ అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసి ఊరుకున్నారు. నేను రాత్రిళ్లు హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని గాలితో మాట్లాడటం మొదలుపెట్టాను. మూడో రోజు అత్తయ్యగారు మంచినీళ్లకి లేచి వచ్చి, "ఎవరితోనమ్మా, ఈ వేళప్పుడు?" అన్నారు. ఎవరితోనూ కాదంటే ఆవిడ మొహంలో వచ్చిన భయం చూసి, కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

మీటింగులు అంటే ఆవిడకి ఎక్కదని ఫంక్షన్ హాళ్లు చేశాను. "అత్తయ్యా, ఒకే రోజు తెనాలిలో పాతిక పెళ్లిళ్లు. ఎన్ని హాళ్లు ఉంటే సరిపోతుంది? ముందు ముహూర్తాల వరసలో పెళ్లిళ్లన్నీ రాసుకుంటాను. ఏ హాలు అందరికన్నా ముందు ఖాళీ అవుతుందో, దాని మీదే కన్ను వేసి ఉంచుతాను. కొత్త పెళ్లి మొదలయ్యే లోపు అది ఖాళీ అయితే అందులోనే. లేదంటే కొత్త హాలు తీసుకోవాల్సిందే."

ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి మధ్యలో ఊడ్చి, తోరణాలు మార్చడానికి టైము వద్దా?" అన్నారు.

పదింటికి అయిపోయి పదింటికే మొదలైతే! ఆ కుర్రాడు నన్ను రిజెక్ట్ చేసేవాణ్నని చెప్పిన ప్రశ్న, ఏడో తరగతితో చదువు ఆపేసిన మా అత్తయ్య మొట్టమొదటే అడిగారు. ఆ తర్వాత రోజూ అరగంట ఆవిడకి ఒక ప్రాబ్లమ్ చెప్పేదాన్ని. ఆవిడకి అర్థం కాని చోట నాకూ సరిగ్గా అర్థం కాలేదని తేలిపోయేది. ఎల్ఆర్‌యూ క్యాష్‌ని (చాలాసేపు వాడనిదాన్ని తీసేసే, చేతికి అందేలా ఉంచుకునే మెమరీ) వంటింటి గట్టు మీద పెట్టే డబ్బాలతో చెప్పాను. వాడని డబ్బా అటక మీదికి, వాడింది ముందుకి. "ఇది మేం ఎప్పుడూ చేసేదేగా, దీనికి జీతమా" అన్నారు.

మాక్ నంబర్ టూ, మళ్లీ కోడింగ్. మాట్లాడటం బాగా ప్రాక్టీస్ చేసి ఉత్సాహంగా కూర్చున్నాను. ఆ పెద్దమనిషి 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, కెమెరా ఆన్ చేయలేదు, ప్రశ్న ఎక్కడి నుంచో చదివాడు. నేను విడమరిచి చెబుతుంటే అవతల కీబోర్డు చప్పుడు, తన ఆఫీసు పని చేసుకుంటున్నాడు. మర్నాడు ఫీడ్‌బ్యాక్ వచ్చింది: ‘గుడ్ కమాండ్ ఓవర్ పైథాన్’. నేను రాసింది జావా. వేరేవాళ్ల ఫారం పేస్ట్ చేశాడన్నమాట. మెయిల్ పెట్టాను, ‘మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది’ అని ఆటోమేటిక్ రిప్లై. మూడో మెయిల్‌కి ఒకమ్మాయి ఫోన్ చేసి, రీఫండ్ కుదరదండీ, ఇంకో స్లాట్ ఇస్తాం, కానీ ఆరు వారాల తర్వాత అంది. తీసుకోలేదు. అంటే ప్యాకేజీలో పావు వంతు గంగలో కలిసింది.

మూడోది సిస్టమ్ డిజైన్, అంటే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఎలా కట్టాలో బొమ్మ గీసి చెప్పడం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

నలభై దాటిన ఆయన, తెలుగువాడే అని యాసను బట్టి నాకు తెలుస్తోంది, కానీ ఇద్దరం గంటసేపు ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నాం. ప్రశ్న అందరూ అడిగేదే, యూఆర్‌ఎల్ షార్ట్‌నర్. పొడుగు లింకు ఇస్తే చిన్న లింకు చేయాలి. నేను యూట్యూబ్‌లో చూసిన బొమ్మ గబగబా గీయడం మొదలుపెట్టాను: లోడ్ బ్యాలెన్సర్, సర్వర్లు, క్యాష్‌కి రెడిస్, సమాచారాన్ని వరసగా చేరవేసే కాఫ్కా. ఆయన ఆపి, "కాఫ్కా ఎందుకు?" అన్నారు. అనలిటిక్స్‌కి అన్నాను. "నేను అనలిటిక్స్ అడిగానా?" లేదు. "రోజుకి ఎన్ని లింకులు వస్తాయి?" తెలియదు. "మరి ఎన్ని సర్వర్లు కావాలో ఎలా గీశారు?"

అక్కడి నుంచి ఆయన నాకు లెక్క నేర్పించారు. చిన్న లింకులో ఏడు అక్షరాలు పెడదాం. చిన్న బడి అక్షరాలు 26, పెద్ద బడి 26, అంకెలు 10, మొత్తం 62. అరవై రెండుని ఏడుసార్లు గుణిస్తే మూడున్నర లక్షల కోట్ల పైచిలుకు లింకులు. రోజుకి పది లక్షల లింకులు వచ్చినా వేల ఏళ్లు పడుతుంది అయిపోవడానికి. రోజుకి పది లక్షలంటే సెకనుకి ఎన్ని? రోజులో 86,400 సెకన్లు, అంటే పన్నెండు. సెకనుకి పన్నెండు రాయడానికి మామూలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటి చాలు. చదవడం వందరెట్లు ఉందనుకున్నా సెకనుకి పన్నెండు వందలు, ముందు ఒక క్యాష్ పెడితే సరి. నా బొమ్మలో ఉన్న ఎనిమిది డబ్బాల్లో ఐదు కొట్టేశారు. "మీరు కట్టింది గోల్కొండ కోట. వాళ్లడిగింది రెండు గదుల ఇల్లు" అని అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో ఏదో అన్నారు.

చివరి పది నిమిషాలు అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. "మీ ఏడేళ్లలో నిజంగా ఏం పగిలింది? మీరు ఎలా అతికించారు?" ఇలాంటివి ఇంటర్వ్యూలో చెప్పకూడదనే నేను ఎప్పుడూ అనుకున్నాను. ఇంటి గుట్టు బయటపెట్టడం కదా. అయినా చెప్పాను. ఒక సంక్రాంతి ముందు రాత్రి ప్రీమియం పేమెంట్ల సర్వీసులో గేట్‌వే (డబ్బు తీసే బయటి సర్వీసు) నుంచి జవాబు ఆలస్యమైంది. యాప్ టైమవుట్ అయి మళ్లీ పంపింది. గేట్‌వే రెండూ తీసుకుంది. 312 మంది కస్టమర్లకి డబ్బు రెండుసార్లు కట్ అయింది. రాత్రి రెండింటికి లాగ్స్ చూస్తూ అది పట్టుకున్నది నేను. ప్రతి రిక్వెస్ట్‌కీ యాప్ వైపు నుంచే ఒక ఐడీ పంపించి, డేటాబేస్‌లో దాని మీద యూనిక్ ఇండెక్స్ పెట్టి, రెండోసారి అదే ఐడీ వస్తే కొత్తగా డబ్బు తీయకుండా మొదటి జవాబే తిరిగిచ్చేలా మార్చింది కూడా నేనే.

ఆయన ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "ఇది మీ రెజ్యూమేలో ఎక్కడుంది?" అన్నారు. లేదు. ‘వర్క్డ్ ఆన్ పేమెంట్ మాడ్యూల్’ అని ఉంది. "ఇంకో మాట. మీరు చెబుతున్నంతసేపూ ‘వి’ ‘వి’ అన్నారు. వి ఫౌండ్, వి ఫిక్స్‌డ్. ఆ రాత్రి రెండింటికి మేలుకుని ఉన్నది ఎంతమంది?"

నేనొక్కదాన్నే. మా మేనేజర్ పొద్దున ఎనిమిదింటికి ‘గుడ్ జాబ్ టీమ్’ అని మెసేజ్ పెట్టాడు.

మన పెంపకంలో ‘నేను చేశాను’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టు. చుట్టాల ముందు వంట బాగుందంటే "ఏదోలెండి" అనే అలవాటు నాది. ఇంటర్వ్యూలో ఎదుటివాడికి ఆ మర్యాద అర్థం కాదు, అతని ముందున్న ఫారంలో ‘ఓనర్‌షిప్’ అని ఒక గడి ఉంటుంది, అందులో ఏదో రాయాలి. నేను చెప్పకపోతే అతను సున్నా వేస్తాడు. ఆ వారం కూర్చుని ఏడేళ్లలో నేను ఒక్కదాన్నే చేసిన పనులు పుస్తకంలో రాసుకున్నాను, పదకొండు తేలాయి. ఒక్కోదానికీ పరిస్థితి ఏమిటి, నా పని ఏమిటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది, అంతే, రెండు నిమిషాల్లో చెప్పేలా. దీన్నే స్టార్ మెథడ్ అంటారట, అందరూ చెప్పేదే. కానీ నాకు అది పేమెంట్ కథ దగ్గరే తలకెక్కింది.

నాలుగోది హెచ్ఆర్ రౌండు, జీతం బేరం. పూర్వం రిక్రూటర్‌గా చేసిన ఆవిడ. "యువర్ ఎక్స్‌పెక్టేషన్?" అని అడిగింది. "యాక్చువల్లీ, యాజ్ పర్ యువర్ కంపెనీ స్టాండర్డ్స్..." అన్నాను. ఆవిడ నవ్వింది. కూరగాయల దగ్గర కట్టకి ఐదు రూపాయలు తగ్గించకుండా కదలని ఆడదాన్ని నేను, నా జీతం దగ్గరికి వచ్చేసరికి మీ ఇష్టం అంటున్నాను. ఆవిడ నాతో ఒకే వాక్యం ఎనిమిదిసార్లు చెప్పించింది: అంకె చెప్పాలి, కారణం ఒక్కటి చెప్పాలి, నోరు మూసుకోవాలి. నేను ప్రతిసారీ చివర ‘బట్ ఇట్ ఈజ్ నెగోషియబుల్’ అని తోక తగిలించేదాన్ని. తోక కోయడానికే అరగంట పట్టింది.

ఇదే ఆవిడ చెప్పిన చెత్త సలహాలు రెండు. ఒకటి, చేతిలో ఇంకో ఆఫర్ ఉందని అబద్ధం చెప్పమంది. ఆ ఆఫర్ లెటర్ కాపీ పంపండి అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? రెండోది, 90 రోజుల నోటీస్ అంటే ఎవరూ పిలవరు కాబట్టి ముందే పేపర్ వేసేయమంది, అంటే రాజీనామా చేసేయమంది. ఈఎంఐ ఉన్న ఇంట్లో ఈ మాట చెప్పే ముందు ఆవిడ ఒకసారి అడిగితే బాగుండేది. నేను పేపర్ వేయలేదు.

ప్రస్తుత జీతం దాచొచ్చా అని అడిగాను. శాన్ హోసేలో ఉండే మా చెల్లెలికి ఆ గొడవ లేదు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే చట్టరీత్యా కుదరదు, 2023 నుంచి 15 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న కంపెనీలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకానో రాయాలి. ఇక్కడ మొదటి ఫోన్‌లోనే అడుగుతారు, తర్వాత మూడు నెలల పేస్లిప్పులు పంపమంటారు. ఉన్నది చెప్పి, "నేను అడుగుతున్నది ఈ ఉద్యోగానికి, పాతదానికి కాదు" అని వెంటనే అనమంది ఆ హెచ్ఆర్ కోచ్. ఇది మంచి సలహా, వాడాను.

ఆ తర్వాత మూడు ఇంటర్వ్యూలకి వెళ్లాను. ఒకటి పోయింది, ఒకటి మధ్యలో పొజిషన్ హోల్డ్ అన్నారు, మూడోది రాయదుర్గం వైపు ఉన్న ఒక జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ సొంతంగా నడిపే ఆఫీసు), వచ్చింది. కోడింగ్ రౌండ్‌లో నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఒకచోట ఇరుక్కుంటే ‘ఇక్కడ ఇరుక్కున్నాను, కారణం ఇదీ’ అన్నాను, అవతలాయనే చిన్న హింట్ ఇచ్చాడు. మేనేజర్ రౌండ్‌లో 312 మంది కథ చెప్పాను, ఆవిడ నలభై నిమిషాలు దాని మీదే అడిగింది.

ఆఫర్ ఫోన్‌లో చెప్పారు: 20 లక్షలు. 11.4 నుంచి 20! ఎగిరి గంతేయబోయి, బ్రేకప్ మెయిల్ చేయండి అన్నాను. ఇది కోచ్ చెప్పింది కాదు, హోమ్ లోన్ అబ్బాయి చెప్పింది. మెయిల్ వచ్చాక ఎక్సెల్ తెరిచాను. ఫిక్స్‌డ్ 17 లక్షలు. వేరియబుల్ లక్షా 70 వేలు, వస్తే వస్తుంది. జాయినింగ్ బోనస్ 75 వేలు, ఒక్కసారే, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలి. గ్రాట్యుటీ 32,708, అంటే బేసిక్ మీద 4.81 శాతం, ఐదేళ్లు ఉంటే చేతికొస్తుంది. మిగతా 22 వేల చిల్లర ఇన్సూరెన్స్. ఇన్ని కలిపితే ఇరవై.

20 లక్షల్ని పన్నెండుతో భాగిస్తే లక్షా 66 వేలు. నిజంగా చేతికొచ్చేదో? పదిహేడులోనే కంపెనీ వాటా పీఎఫ్ 81,600 ఉంది, నా వాటా ఇంకో 81,600. తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకి 200. 2025-26 కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా సెస్‌తో కలిపి పన్ను దాదాపు లక్షా 16 వేలు. అన్నీ పోను నెలకి లక్షా 18 వేలు. పాత జీతానికి నేను పన్నే కట్టేదాన్ని కాదు, 12 లక్షల లోపు ఆదాయం కాబట్టి రిబేట్‌లో పోయేది. పెరిగిన జీతంతో పాటు ఇదీ మొదలవుతుందని ప్యాకేజీలో ఎవరూ చెప్పలేదు, ‘100 పర్సెంట్ హైక్’ అని పోస్టర్లు మాత్రం వేస్తారు.

రెండు రోజులాగి ఫోన్ చేశాను. వంటింట్లో నిలబడి మాట్లాడుతున్నాను, పొయ్యి మీద పప్పు. "ఫిక్స్‌డ్ 19 అయితే ఈరోజే యాక్సెప్ట్ చేస్తాను. పేమెంట్స్‌లో మీకు కావలసిన పని నేను ముందే చేసి ఉన్నాను." తోక తగిలించకుండా ఆగిపోయాను. అవతల హెచ్ఆర్ కూడా ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దంలో కుక్కర్ విజిల్ వేసింది. నాకు సారీ చెప్పాలనిపించింది, మళ్లీ నెగోషియబుల్ అనాలనిపించింది. అత్తయ్యగారు వచ్చి చప్పుడు కాకుండా పొయ్యి ఆపేసి, నోటి మీద వేలు పెట్టుకుని నా ఎదురుగా నిలబడ్డారు. అతనే ముందు మాట్లాడాడు: "మేడమ్, 18.5 వరకు అప్రూవల్ తీసుకోగలను." సరే, అయితే 30 రోజుల నోటీస్ బైఅవుట్ (ముందే మానేసినందుకు పాత కంపెనీకి కట్టాల్సింది) మీరు భరించండి, 60 రోజుల్లో చేరతాను అన్నాను. ఒప్పుకున్నాడు. మొత్తం ఆరు నిమిషాల ఫోన్. చేతికొచ్చేది లక్షా 18 నుంచి లక్షా 27 వేలకి పెరిగింది, ప్రతి నెలా.

ఇక మిగిలినవి. ‘రిఫరల్ సపోర్ట్’ అంటే ఒక గూగుల్ ఫారం, నింపాను, ఇవాళ్టి దాకా చప్పుడు లేదు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పోస్టర్లు, ఇంకో కోర్సు మీద 40 శాతం డిస్కౌంట్. మ్యూట్ చేశాను.

కొనాలా వద్దా? మీరు ఫ్రెషర్ అయితే ఇంత పెట్టకండి. ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు అడుగుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటే మొదటి మాక్‌లో నాకు తెలిసింది మీకూ తెలుస్తుంది. సిగ్గుపడకుండా ఆ వీడియో చివరిదాకా చూడాలి, అది కష్టం. ఐదారేళ్లు దాటి, ప్రాబ్లమ్స్ వస్తున్నా ఇంటర్వ్యూలు పోతుంటే, ప్యాకేజీ కాకుండా విడిగా ఒక సిస్టమ్ డిజైన్ మాక్, ఒక హెచ్ఆర్ మాక్ తీసుకోండి. నేను కొన్నచోట విడిగా ఒక్కోటి 3,499, జీఎస్టీ వేరే. తీసుకునే ముందు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎవరో, ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్సో అడగండి. చెప్పకపోతే వదిలేయండి. నాకు మూడోదాంట్లో దొరికిన ఆయనే నాలుగుసార్లూ దొరికుంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. ప్యాకేజీగా అయితే ఐదుకి మూడు.

పోయిన వారం వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ‘కంగ్రాచులేషన్స్! మీ సక్సెస్ స్టోరీ మాతో పంచుకోండి’, పోస్టర్ కోసం ఫొటో, పాత సీటీసీ, కొత్త సీటీసీ, హైక్ శాతం పంపమని. నాకు ఆఫర్ వచ్చిందని వాళ్లకి ఎలా తెలిసిందో, లింక్డిన్ చూసి ఉంటారు. తప్పకుండా పంపుతాను, ముందు రెండో మాక్ ఫీడ్‌బ్యాక్‌లో పైథాన్ తీసేసి జావా అని మార్చండి అని రాశాను. ఎనిమిది రోజులైంది, జవాబు లేదు. అత్తయ్యగారు మాత్రం పోస్టర్‌లో తన ఫొటో కూడా వేస్తారా అని అడుగుతున్నారు.